‘జీరో కాపీ’ నిజంగా శూన్యమేనా? : సాకెట్ల మధ్య దత్తాంశ బదిలీ - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

రెండు నెట్‌వర్క్ సాకెట్ల మధ్య ఒక మధ్యవర్తి ప్రోగ్రాం దత్తాంశాన్ని అందించేటప్పుడు ప్రతి బైటూ కెర్నెల్ నుంచి ప్రోగ్రాం మెమరీలోకి, అక్కడి నుంచి మళ్లీ కెర్నెల్‌లోకి నకలవుతుంది. ఈ రెండు నకళ్లను తొలగించే పద్ధతులను ‘జీరో కాపీ’ అని వ్యవహరిస్తున్నారు. లినక్స్‌లోని స్ప్లైస్ సిస్టమ్ కాల్ వీటిలో ప్రసిద్ధమైనది. ఆ పేరు చేస్తున్న వాగ్దానానికీ, ఆచరణలో జరిగే పనికీ ఉన్న అంతరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నకలు తొలగినప్పుడు ఖర్చు పూర్తిగా పోదని, అది సిస్టమ్ కాల్‌ల సంఖ్యలోకి, పైపు నిర్వహణలోకి, అన్నిటికంటే ముఖ్యంగా మెమరీ పేజీల యాజమాన్య సమస్యలోకి మారుతుందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: సాకెట్, కెర్నెల్, స్ప్లైస్, పైపు, జీరో కాపీ, ప్రాక్సీ, సాక్‌మ్యాప్, డర్టీ పైప్.

1. ఉపోద్ఘాతం:

అంతర్జాలంలో పంపేవారికీ అందుకునేవారికీ మధ్య తరచుగా ప్రాక్సీ, లోడ్ బ్యాలెన్సర్ వంటి మధ్యవర్తులు ఉంటాయి. మధ్యవర్తి ఒక వైపు సాకెట్‌లో వచ్చిన బైట్లను చదివి, రెండో వైపు సాకెట్‌లో వ్రాస్తుంది. చాలా సందర్భాల్లో ఆ బైట్లలో ఏముందో దానికి అవసరం లేదు. తొలి కొన్ని పంక్తులు చూసి ఎవరికి పంపాలో నిర్ణయించుకున్న తరువాత, మిగిలిన ప్రవాహమంతా దాని చేతులమీదుగా వెళ్లిపోవలసిందే. అయినా ప్రతి బైటునూ తన మెమరీలోకి తెచ్చుకొని, మార్పేమీ లేకుండా తిరిగి ఇచ్చేస్తుంది. ఉత్తరం మీది చిరునామా చూస్తే చాలిన గుమాస్తా, ఉత్తరమంతా తన పుస్తకంలో ఎక్కించుకొని, మళ్లీ కొత్త కాగితం మీద దించి పంపడం వంటిది ఈ పని.

ఈ వృథా శ్రమను తొలగించాలన్న ఆలోచన సహజమైనది. దాని ఫలితంగా వచ్చిన పద్ధతులు మూడు దశాబ్దాలుగా అభివృద్ధి చెందుతూ వచ్చాయి. అయితే పాఠ్యబోధనలో వీటిని ‘నకలు లేదు కనుక వేగం ఎక్కువ’ అనే ఒక్క సూత్రంగా కుదించడం కనిపిస్తుంది. ఈ సూత్రం ఎంతవరకు సత్యమన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. నకళ్ల లెక్క:

మామూలు పద్ధతిలో మధ్యవర్తి ఒక ఆవృత్తిలో రెండు సిస్టమ్ కాల్‌లు చేస్తుంది. ఒకటి చదవడానికి, మరొకటి వ్రాయడానికి. ప్రతి కాల్‌లోనూ ప్రాసెసర్ ఒక నకలు తీస్తుంది. నెట్‌వర్క్ కార్డు నుంచి మెమరీకి, మెమరీ నుంచి కార్డుకు జరిగే బదిలీలు ప్రాసెసర్ ప్రమేయం లేకుండా జరుగుతాయి కనుక వాటిని ఈ లెక్కలో చేర్చరు. ‘జీరో’ అన్నప్పుడు కూడా ఆ రెండు బదిలీలు ఉంటూనే ఉంటాయన్నది మొదట గుర్తించవలసిన విషయం.

సెకనుకు 10 గిగాబిట్ల వేగంతో ప్రవాహం సాగుతున్నదనుకుంటే, అది సెకనుకు 1.25 గిగాబైట్లు. రెండు నకళ్లలో ఒక్కొక్కదానికి ఒక పఠనం, ఒక లేఖనం ఉంటాయి కనుక, క్యాష్ సాయపడని పక్షంలో మెమరీ మీద పడే అదనపు భారం సెకనుకు 5 గిగాబైట్లు. ఇది ఉపేక్షించదగిన సంఖ్య కాదు. అయితే ఇదే ప్రవాహాన్ని 65,536 బైట్ల బఫర్‌తో నడిపితే సెకనుకు సుమారు 19,000 ఆవృత్తులు, అంటే సుమారు 38,000 సిస్టమ్ కాల్‌లు సరిపోతాయి. 4,096 బైట్ల బఫర్‌తో నడిపితే అవి 6 లక్షలు దాటుతాయి. నకళ్ల పరిమాణం రెండింటిలోనూ ఒకటే. మారినది కాల్‌ల సంఖ్య. బఫర్ చిన్నదిగా ఉన్న ప్రోగ్రాంలో మందగమనానికి నకలును మాత్రమే నిందించడం సరికాదని ఈ లెక్క తెలియజేస్తుంది. పైగా ఒకే బఫర్‌ను మళ్లీ మళ్లీ వాడే ఆవృత్తిలో ఆ బఫర్ ప్రాసెసర్ క్యాష్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు 5 గిగాబైట్ల భారంలో కొంత ప్రధాన మెమరీ వరకు చేరదు.

3. భావన పరిణామం:

1993లో యూజ్‌నిక్స్ శీతాకాల సమావేశంలో కెవిన్ ఫాల్, జోసెఫ్ పాస్క్వాలే సమర్పించిన పత్రం కెర్నెల్ లోపలే దత్తాంశ మార్గాన్ని ఏర్పరచడాన్ని ప్రతిపాదించింది. ‘స్ప్లైస్’ అన్న పేరు అందులోనే కనిపిస్తుంది. అదే సంవత్సరం డ్రూషెల్, పీటర్సన్ ‘ఎఫ్‌బఫ్స్’ అనే పద్ధతిలో రక్షణ సరిహద్దులను దాటించగల బఫర్లను వివరించారు. 1999లో పాయ్, డ్రూషెల్, జ్వానెపోల్ ‘ఐఓ-లైట్’ ద్వారా ఫైల్ వ్యవస్థ, నెట్‌వర్క్, ప్రోగ్రాం మూడూ ఒకే బఫర్‌ను పంచుకొనే ఏకీకృత విధానాన్ని ముందుకు తెచ్చారు.

1998లో డేవిడ్ మాల్ట్జ్, ప్రవీణ్ భగవత్ ‘టీసీపీ స్ప్లైసింగ్’ను ప్రతిపాదించారు. దీనిలో రెండు టీసీపీ అనుసంధానాల వరుస సంఖ్యలను, చిరునామాలను ప్యాకెట్ శీర్షికలలోనే సవరించి, ప్యాకెట్‌ను టీసీపీ పొర దాకా రానివ్వకుండా ముందుకు పంపుతారు. లినక్స్ స్ప్లైస్‌లో అలా జరగదు. అక్కడ రెండు అనుసంధానాలూ మధ్యవర్తి దగ్గరే ముగుస్తాయి. రసీదులు, విండో, నష్టపోయిన ప్యాకెట్ల పునఃప్రసారం దేనికదే విడిగా నడుస్తాయి. ఒకే పేరు భిన్న భావనలను సూచిస్తున్నప్పుడు, ఒకదానిపై వచ్చిన ఫలితాలను మరొకదానికి అన్వయించడం పరిశోధనలో పొరపాటుకు దారితీస్తుంది.

ఫైలు నుంచి సాకెట్‌కు నేరుగా పంపే సెండ్‌ఫైల్ కాల్ లినక్స్ 2.2లో వచ్చింది. దానిలో మూలం ఫైలు కావాలి, సాకెట్ కారాదు. అందువల్ల సాకెట్ నుంచి సాకెట్‌కు బదిలీ సమస్య అలాగే మిగిలింది. 1998లో ల్యారీ మెక్‌వాయ్ చేసిన ప్రతిపాదన నుంచి కొన్ని ఆలోచనలను స్వీకరించి, జెన్స్ ఆక్స్‌బో రూపొందించిన స్ప్లైస్ 2006 జూన్‌లో వెలువడిన లినక్స్ 2.6.17లో చేరింది. టీసీపీ సాకెట్‌ను మూలంగా వాడే సౌకర్యం మాత్రం 2008లో, 2.6.25 కెర్నెల్‌తో గాని రాలేదు.

4. స్ప్లైస్ రూపకల్పన - గుణదోష వివేచన:

స్ప్లైస్ అన్న మాటకు మూలార్థం, రెండు తాళ్ల కొసలను పురి విప్పి, ముడి లేకుండా పేని కలపడం. రెండు సాకెట్లను అలా కలిపేస్తుందన్న భావన ఆ పేరులో ఉంది. కాని లినక్స్ స్ప్లైస్ రెండు సాకెట్లను నేరుగా కలపలేదు. ఇచ్చే రెండు ఫైల్ డిస్క్రిప్టర్లలో ఒకటి తప్పనిసరిగా పైపు కావాలి. కనుక మొదటి సాకెట్ నుంచి పైపులోకి ఒక కాల్, పైపు నుంచి రెండో సాకెట్‌లోకి మరో కాల్ అవసరం. తాళ్ల ఉపమానంలోనే చెప్పాలంటే, మధ్యలో మూడో తాటిముక్క తప్పలేదు.

ఈ నిర్బంధం లోపంగా కనిపించినా దాని వెనుక ఒక స్పష్టమైన తర్కం ఉంది. ఒక సాకెట్ నుంచి తీసిన దత్తాంశాన్ని రెండోది వెంటనే స్వీకరించకపోతే అది ఎక్కడో నిలవాలి. ఆ నిలువను కెర్నెల్ ఎవరి కంటా పడకుండా దాచితే, దాని పరిమాణమెంత, ఎవరి లెక్కలో పడాలి, ప్రోగ్రాం ఆగిపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు జవాబుండదు. పైపు అన్నది యూనిక్స్‌లో అప్పటికే ఉన్న, పరిమితి తెలిసిన, డిస్క్రిప్టర్‌తో పట్టుకోగల బఫర్. స్ప్లైస్ బైట్లను నకలు చేయక, అవి ఉన్న పేజీలకు సూచికలను పైపు గదుల్లో ఉంచుతుంది. పైపును కెర్నెల్‌లోని బఫర్‌గా పునర్నిర్వచించడం ఈ రూపకల్పనలోని మౌలికత. ఆ సూచికలను మరో పైపుకు కూడా పంచే ‘టీ’, ప్రోగ్రాం పేజీలను పైపుకు అందించే ‘వీఎంస్ప్లైస్’ ఆ భావనకు సహజమైన కొనసాగింపులు.

అయితే మూల్యం కూడా స్పష్టమే. ఆవృత్తికి సిస్టమ్ కాల్‌లు రెండే. మామూలు పద్ధతిలోనూ రెండే. స్ప్లైస్ నకళ్లను తగ్గించింది గాని కాల్‌లను తగ్గించలేదు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు బయటపడిన తరువాత, వాటి నివారణ చర్యల వల్ల అనేక ప్రాసెసర్లలో సిస్టమ్ కాల్ ఖర్చు పెరిగింది. 2006లో నకలే ప్రధాన శత్రువుగా తోచిన చోట, పన్నెండేళ్లకు శత్రువు స్థానం కొంత మారింది.

నిర్వహణ భారం మరొకటి. రెండో సాకెట్ నిండినప్పుడు బైట్లు పైపులో చిక్కుకుంటాయి. ఎన్ని మిగిలాయో ప్రోగ్రాం గుర్తుంచుకోవాలి. అనుసంధానం మధ్యలో తెగితే, శేషం ఉన్న పైపును మరొక వినియోగదారుకు కేటాయించకూడదు; కేటాయిస్తే ఒకరి దత్తాంశం మరొకరికి చేరుతుంది. అందుకే పైపులను నిలువ ఉంచి వాడే ప్రాక్సీలు ఖాళీ పైపులనే తిరిగి తీసుకొని, మిగిలినవాటిని మూసివేయవలసి ఉంటుంది. పైగా ప్రతి పైపుకు రెండు డిస్క్రిప్టర్లు కావాలి. హెచ్‌ఏప్రాక్సీలో పైపుల గరిష్ఠ సంఖ్యకు ప్రత్యేకమైన అమరిక ఉండడానికి కారణం ఇదే.

5. ‘శూన్యం’ అన్న మాటకు పరిమితులు:

స్ప్లైస్‌కు ఇచ్చే సంకేతాల్లో పేజీని నకలు చేయక తరలించమని కోరే ‘మూవ్’ ఒకటి. మొదటి అమలులో దోషాలుండడంతో 2.6.21 నుంచి అది ఏ పనీ చేయని సంకేతంగా మిగిలిపోయింది. వాడేవారు దాన్ని ఇస్తూనే ఉంటారు. కెర్నెల్ దాన్ని పట్టించుకోదు. పేరును బట్టి పనిని ఊహించరాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

వచ్చిన ప్యాకెట్ కెర్నెల్‌లో ఏ రూపంలో ఉన్నదన్నది రెండో పరిమితి. బైట్లు పేజీ ముక్కల్లో ఉంటే వాటికి సూచిక ఇస్తే చాలు. అలా పట్టుకోవడానికి వీలుకాని మెమరీలో ఉంటే వాటిని ముందుగా ఒక పేజీలోకి నకలు చేయక తప్పదు. ఇది నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌ను బట్టి మారుతుంది. అదే ప్రోగ్రాం ఒక యంత్రంలో నకలు లేకుండా, మరో యంత్రంలో నకలుతో నడవవచ్చు. దానిని వ్రాసినవారికి ఆ తేడా తెలియదు.

మూడోది పైపు సామర్థ్యం. లినక్స్‌లో పైపుకు సాధారణంగా 16 గదులు. గదికి 4,096 బైట్ల పేజీ చొప్పున మొత్తం 65,536 బైట్లని పుస్తకాలు చెబుతాయి. కాని సాకెట్ నుంచి వచ్చే ప్రతి ముక్కా, ఎంత చిన్నదైనా, ఒక గదిని ఆక్రమించవచ్చు. ఈథర్‌నెట్ మీద సాధారణంగా కనిపించే 1,448 బైట్ల ముక్కలు విడివిడిగా చేరితే 16 గదులకు పట్టేది 23,168 బైట్లే, అంటే చెప్పుకొనే సామర్థ్యంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. లినక్స్ 2.6.35 నుంచి పైపు పరిమాణాన్ని పెంచుకోవచ్చు. ఆ సంగతి తెలియక స్ప్లైస్‌ను కొలిచిన పరీక్ష స్ప్లైస్‌ను కాక, పైపు ఇరుకును కొలిచినట్లవుతుంది.

చిన్న సందేశాల విషయంలో పరిస్థితి ఇంకా భిన్నం. సెకనుకు 10 గిగాబైట్ల వేగంతో నకలు జరుగుతుందనుకుంటే 512 బైట్లకు పట్టే కాలం సుమారు 51 నానోసెకన్లు. పైపు గదిని సిద్ధం చేయడం, పేజీ సూచికల లెక్క పెంచడం, తరువాత తగ్గించడం, అదనపు జాగ్రత్తలు ఇవన్నీ కలిసి ఆ ఆదాను మింగివేయగలవు. ప్రోగ్రాం మెమరీ నుంచి నేరుగా పంపడానికి లినక్స్ 4.14లో వచ్చిన ‘ఎంఎస్‌జీ జీరోకాపీ’ గురించి కెర్నెల్ పత్రాలే, సుమారు 10 కిలోబైట్లకు మించిన లేఖనాలకే అది సాధారణంగా ఫలవంతమని చెబుతాయి. పేజీలను కదలకుండా పట్టి ఉంచడం, పని ముగిసిందన్న సూచనను అందుకోవడం అక్కడి అదనపు ఖర్చులు. నకలు ఎంత చౌకో ఈ హెచ్చరిక పరోక్షంగా అంగీకరిస్తున్నది.

6. ప్రత్యామ్నాయ మార్గాలు:

ఓపెన్‌బీఎస్‌డీ 4.9లో వచ్చిన ‘ఎస్ఓ స్ప్లైస్’ ఈ సమస్యకు వేరొక సమాధానం. ఒక్కసారి సాకెట్ అమరికగా రెండు సాకెట్లను జతచేస్తే, ఆ తరువాత బదిలీ అంతా కెర్నెల్‌లోనే సాగుతుంది. మధ్యలో పైపు లేదు, ఆవృత్తి లేదు. ఎన్ని బైట్ల తరువాత ఆగాలో గరిష్ఠ పరిమితి ఇవ్వవచ్చు. ఆ పరిమితి చేరగానే నియంత్రణ ప్రోగ్రాంకు తిరిగి వస్తుంది. హెచ్‌టీటీపీ శీర్షికలను ప్రోగ్రాం చదివి, అందులో చెప్పిన పొడవు మేరకు దేహభాగాన్ని కెర్నెల్‌కు అప్పగించే ప్రాక్సీకి ఇది సరిగ్గా సరిపోతుంది. లినక్స్ స్ప్లైస్ ఏ రెండు వస్తువులకైనా పనికివచ్చే సాధారణత్వాన్ని కోరుకొని పైపును స్వీకరించింది. ఓపెన్‌బీఎస్‌డీ సాధారణత్వాన్ని వదులుకొని సాకెట్లకే పరిమితమై సరళతను సాధించింది. రెండూ సమర్థనీయమైన నిర్ణయాలే. సాకెట్ నుంచి సాకెట్‌కు బదిలీ అన్న ప్రత్యేక సమస్య దృష్ట్యా మాత్రం రెండోదే ఆ పేరుకు ఎక్కువ న్యాయం చేసింది.

లినక్స్ 4.14లో చేరిన సాక్‌మ్యాప్, బీపీఎఫ్ ప్రోగ్రాం ద్వారా ఒక సాకెట్‌కు వచ్చిన దత్తాంశాన్ని కెర్నెల్‌లోనే మరో సాకెట్‌కు మళ్లిస్తుంది. బదిలీ మార్గంలో నకలూ లేదు, సిస్టమ్ కాలూ లేదు. సిద్ధాంతరీత్యా ఇది అన్నింటికంటే మిన్న కావాలి. కాని 2019లో క్లౌడ్‌ఫ్లేర్ ఇంజనీర్లు ప్రచురించిన పోలికలో నాటి సాక్‌మ్యాప్ మామూలు చదువు-వ్రాత ఆవృత్తి కంటే వెనుకబడింది. తరువాతి కెర్నెళ్లలో సాక్‌మ్యాప్ మారుతూ వచ్చింది కనుక ఆ ఫలితాన్ని శాశ్వత తీర్పుగా తీసుకోనక్కర లేదు. నకళ్లను, కాల్‌లను లెక్కపెట్టి వేగాన్ని ఊహించరాదని, కొలవాలని మాత్రం అది నిరూపించింది. హెచ్‌ఏప్రాక్సీ పత్రాల వైఖరి కూడా ఇటువంటిదే. తొలి అమలుల్లో దత్తాంశం చెడిపోయే దోషాలుండడాన్ని ప్రస్తావించి, స్ప్లైస్‌ను అప్రమేయంగా చేతనం చేయలేదని అవి స్పష్టం చేస్తాయి. మరోవైపు గో భాష 1.11 సంచికలో, లినక్స్‌పై ఒక టీసీపీ అనుసంధానం నుంచి మరొకదానికి నకలు చేసేటప్పుడు ప్రామాణిక గ్రంథాలయమే తెరవెనుక స్ప్లైస్‌ను వాడడం మొదలైంది. ఒకరు ఎంపికను నిర్వాహకునికి వదిలితే, మరొకరు దానిని భాషలోనే ఇమిడ్చారు.

7. యాజమాన్య సమస్య - డర్టీ పైప్:

నకలు కేవలం ఖర్చు కాదు, రక్షణ కూడా. దత్తాంశాన్ని నకలు చేసి ఇచ్చిన క్షణంలో ఇద్దరికీ చెరో ప్రతి దక్కుతుంది; ఒకరు తన ప్రతిని మార్చుకున్నా రెండోవారికి ఇబ్బంది లేదు. సూచిక మాత్రమే ఇచ్చినప్పుడు ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే పేజీ. సెండ్‌ఫైల్ మార్గదర్శక పత్రం ఈ ప్రమాదాన్ని పేర్కొంటుంది. నకలు లేని సాకెట్ లేదా పైపుకు పంపినప్పుడు, అవతలివారు చదివి ముగించేవరకు ఫైల్‌లోని ఆ భాగాన్ని మార్చకుండా చూసుకొనే బాధ్యత వాడేవారిదే. కాల్ విజయవంతంగా తిరిగి వచ్చినంత మాత్రాన బైట్లు స్థిరపడినట్లు కాదు. పునఃప్రసారం అవసరమైతే టీసీపీ అదే పేజీని మళ్లీ చదువుతుంది. ఈలోగా పేజీ మారితే మొదటిసారి పంపినది ఒకటి, రెండోసారి పంపేది మరొకటి అవుతుంది.

ఈ బలహీనత ఎంత దూరం వెళ్లగలదో 2022 మార్చి 7న మాక్స్ కెల్లర్‌మాన్ వెల్లడించిన ‘డర్టీ పైప్’ లోపం, సీవీఈ-2022-0847, చూపింది. చెడిపోయిన లాగ్ ఫైళ్ల కారణాన్ని వెదుకుతూ ఆయన దాని దగ్గరకు చేరారు. పైపు గదికి ‘దీనిలో ఇంకా చేర్చవచ్చు’ అన్న సంకేతం ఒకటుంటుంది. సాధారణ లేఖనం వల్ల ఆ సంకేతం పడిన గదిని ఖాళీ చేసి, తరువాత స్ప్లైస్ ద్వారా ఒక ఫైలు పేజీ సూచికను అందులో ఉంచినప్పుడు, పాత సంకేతం చెరగకుండా మిగిలిపోయేది. ఆపై పైపులోకి వ్రాసిన బైట్లు నేరుగా ఆ ఫైలు తాలూకు పేజ్ క్యాష్‌లో పడేవి. చదివే అనుమతి మాత్రమే ఉన్న వ్యక్తి ఆ ఫైల్‌లోని బైట్లను మార్చగలిగాడు.

ఇందులో రెండు మార్పుల కలయిక ఉంది. సంకేతాన్ని శూన్యపరచని కోడ్ 2016లో చేరింది, అప్పటికి హానిలేనిది. ‘చేర్చవచ్చు’ అన్న గుణాన్ని గది సంకేతంగా మార్చిన సవరణ 2020లో, 5.8 కెర్నెల్‌తో వచ్చింది. విడివిడిగా నిర్దోషంగా కనిపించిన రెండూ కలిసి తీవ్రమైన లోపమయ్యాయి. 5.16.11, 5.15.25, 5.10.102 సంచికల్లో దానిని సరిదిద్దారు. దీనిని ఒక మతిమరుపు దోషంగా మాత్రమే చూడడం చాలదు. పైపు గదిలో కొన్నిసార్లు పైపు సొంత పేజీ, కొన్నిసార్లు అరువు తెచ్చుకున్న పేజీ ఉండడం స్ప్లైస్ రూపకల్పనలోనే ఉన్న ద్వంద్వత్వం. ఏది సొంతమో ఏది అరువో చెప్పే ఒక్క సంకేతం తప్పితే రక్షణ గోడ కూలింది. అయితే ఈ దోషాన్ని బట్టి స్ప్లైస్ భావననే తిరస్కరించడం కూడా అతివ్యాప్తి అవుతుంది. సవరణ చిన్నది, భావన నిలిచింది. 2023లో లినక్స్ 6.5, సాకెట్‌లోకి పేజీలను పంపే పాత అంతర్గత మార్గాన్ని తొలగించి కొత్త మార్గాన్ని తేవడం, ఈ భాగం ఇంకా పునర్నిర్మాణంలోనే ఉన్నదని తెలుపుతుంది.

8. గుప్తీకరణ యుగంలో ప్రాసంగికత:

మధ్యవర్తికి బైట్లతో పని లేదన్నది జీరో కాపీ భావనకు పునాది. టీఎల్‌ఎస్ గుప్తీకరణను ప్రాక్సీయే విప్పవలసి వస్తే ఆ పునాది కదులుతుంది. విప్పడమంటే ప్రతి బైటునూ చదివి కొత్త బైటు వ్రాయడం. అక్కడ నకలును తొలగించినా రూపాంతరాన్ని తొలగించలేరు. లినక్స్ 4.13 నుంచి కెర్నెల్‌లోనే టీఎల్‌ఎస్ పంపే సౌకర్యం ఉన్నా, ప్రాసెసర్ చేసే గుప్తీకరణలో ప్రతి బైటూ దాని చేతుల్లోంచి వెళ్లవలసిందే. గుప్తీకరణను విప్పకుండా, తొలి సందేశంలోని సర్వర్ పేరును మాత్రం చూసి ప్రవాహాన్ని దాటించే ప్రాక్సీలకు, టీసీపీ స్థాయి లోడ్ బ్యాలెన్సర్లకు స్ప్లైస్ ఇప్పటికీ సార్థకమే. దాని పరిధి కుదించుకుపోయింది గాని అంతరించలేదు.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ‘జీరో కాపీ’ అన్న పేరు వర్ణన కాదు, లక్ష్యం. సాకెట్ల మధ్య జరిగేది నకళ్ల కనిష్ఠీకరణ. డ్రైవర్, ముక్కల పరిమాణం, పైపు గదుల సంఖ్య దాని ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

2. స్ప్లైస్ నకళ్లను తగ్గించినా సిస్టమ్ కాల్‌లను తగ్గించదు. ఎస్ఓ స్ప్లైస్, సాక్‌మ్యాప్ ఆ రెండో ఖర్చును ఎదుర్కొన్నాయి. అయితే ఖర్చుల లెక్క ఒక్కటే వేగానికి ప్రమాణం కాదని సాక్‌మ్యాప్ తొలి ఫలితాలు తెలిపాయి.

3. పెద్ద ప్రవాహాలకు, దీర్ఘకాలిక అనుసంధానాలకు స్ప్లైస్ మేలు చేయగలదు. చిన్న సందేశాలకు తగిన పరిమాణంగల బఫర్‌తో మామూలు ఆవృత్తి సరిపోతుంది.

4. నకలును తొలగించిన ప్రతిచోటా ‘ఈ పేజీ ఎవరిది? ఎప్పటివరకు?’ అన్న ప్రశ్న కొత్తగా పుడుతుంది. డర్టీ పైప్ ఆ ప్రశ్నకు జవాబు తప్పినప్పటి పర్యవసానం.

కాబట్టి ఆపరేటింగ్ వ్యవస్థల బోధనలో స్ప్లైస్‌ను వేగవంతమైన కాల్‌గా మాత్రమే పరిచయం చేయడం అసంపూర్ణం. మామూలు ఆవృత్తిని వేర్వేరు బఫర్ పరిమాణాలతో, స్ప్లైస్‌ను వేర్వేరు పైపు పరిమాణాలతో విద్యార్థుల చేత కొలిపించి, ఆ తరువాత పేజీ యాజమాన్యాన్ని చర్చించడం సముచితం. నకలు ఎందుకు తీయాలో తెలిసినవారికే దానిని ఎక్కడ మానుకోవచ్చో తెలుస్తుంది.